కలివికోడి ఉందా, లేదా? 38 సెకన్ల క్లిప్పును ఎంతవరకు నమ్మొచ్చు?

పెన్నాగట్టు
ఒక గ్రూపులో 38 సెకన్ల ఆడియో తిరుగుతోంది. కడప జిల్లా లంకమల అడవి అంచున, చీకటి పడ్డాక తీసిందట. కింద "కలివికోడి బతికే ఉంది" అని రాసి నాలుగు దండం బొమ్మలు పెట్టారు. ఫొటో లేదు, ఈక లేదు, అడుగుజాడ లేదు. పొద్దుటి నుంచి సగం మంది "చరిత్ర" అంటున్నారు, సగం మంది "తీతువుపిట్టరా నాయనా" అంటున్నారు. నా ప్రశ్న ఈ ఒక్క క్లిప్పు గురించే కాదు. కలివికోడిలా (ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్) ఏళ్ల తరబడి కంటపడని పక్షి ఉందని ఒప్పుకోవాలంటే ఏ ఆధారం కావాలి? లేదని తేల్చాలంటే ఎంత వెతికి ఉండాలి? రెండోది ఎవరూ మాట్లాడట్లేదు.

తుమ్మముల్లు
ఫొటో లేకపోతే పక్షి లేదు. అంతే.

రాళ్లసీమోడు
అట్లయితే మా ఊరి ఆఖరి బస్సు గూడా లేనట్టే. దాన్నీ ఎవురూ ఫొటో తీయలే.

శబ్దవేధి
పెన్నాగట్టు అన్నా, ముందు ఆ క్లిప్పు అసలు ఫైలు తెప్పించు. గ్రూపులో ఫార్వర్డ్ అయినది పనికిరాదు. వాట్సాప్ ఆడియోను కుదించేస్తుంది. పై పౌనఃపున్యాలు పోతాయి, తీసిన సమయం పోతుంది, మిగిలేది ఫార్వర్డ్ అయిన సమయం. తీసినవాళ్లను "డాక్యుమెంట్"గా పంపమను, అప్పుడు ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. కత్తిరించవద్దు, శబ్దం పెంచవద్దు, "నాయిస్ తగ్గించు" నొక్కవద్దు అని గట్టిగా చెప్పు. పిట్ట అరుపుకి ముందూ వెనకా ఉన్న చప్పుడే సగం సాక్ష్యం.

ఫైలు వచ్చాక చూసేవి నాలుగు. మొదటిది సమయం. కలివికోడి సాధారణంగా పొద్దు కుంకిన 45-50 నిమిషాలకు అరవడం మొదలుపెడుతుంది. రెండోది లయ. "ట్విక్-టూ, ట్విక్-టూ" అని రెండు ముక్కల అరుపు, ఇంచుమించు సెకనుకొకటి చొప్పున, వరసగా 2 నుంచి 20 దాకా. ఒకటి మొదలెడితే దగ్గర్లో ఉన్న ఇంకోటి అందుకోవడం కూడా ఉంది. మూడోది పోలిక. అదే చోట, అదే వేళ అరిచే ప్రతి పిట్టనూ పక్కన పెట్టి చూడాలి: రెండు రకాల తీతువులు, స్టోన్ కర్లూ, నైట్‌జార్లు, కౌజు. "కలివికోడిలా ఉంది" అంటే చాలదు, "ఇంకేదీ కాదు" అనాలి. ఆ రెండు మాటల మధ్య చాలా పని ఉంది.

నాలుగోది అందరూ మరిచిపోయేది, ప్లేబ్యాక్. కలివికోడి పిలుపు రికార్డింగు నెట్‌లో దొరుకుతుంది. 200 మీటర్ల అవతల ఎవడో స్పీకర్లో వేస్తే ఇక్కడ ఫోన్లో పడుతుంది. పట్టుకోవడం తేలికే. రెండింటి స్పెక్ట్రోగ్రాములు (శబ్దాన్ని బొమ్మగా చూపే పటాలు) ఒకదాని కింద ఒకటి పెట్టి అరుపుకీ అరుపుకీ మధ్య ఖాళీలు కొలవండి. బతికున్న పిట్ట రెండుసార్లు అచ్చం ఒకే ఖాళీలతో అరవదు. పది ఖాళీలూ మిల్లీసెకన్లతో సహా కలిశాయంటే అది పిట్ట కాదు, బ్లూటూత్.

తుమ్మముల్లు
ఇంత కష్టమెందుకని అంటున్నా. ఒక్క ఫొటో పెడితే పోలా?

మ్యూజియంపురుగు
తుమ్మముల్లు, ఫొటో కూడా తీర్పు కాదు. అమెరికా ఐవరీ-బిల్డ్ వడ్రంగిపిట్ట సంగతి తెలుసుగా. అందరూ ఒప్పుకున్న చివరి దర్శనం 1944, లూసియానాలో. 2004 ఏప్రిల్లో ఆర్కన్సాలో పడవ మీంచి తీసిన వీడియోలో ఒక పెద్ద వడ్రంగిపిట్ట కొన్ని సెకన్లు ఎగిరిపోతుంది. 2005లో దాని మీద సైన్స్ పత్రికలో పేపరు వచ్చింది, ప్రపంచమంతా పండగ చేసుకుంది. 2006లో అదే పత్రికలో అదే వీడియో మీద ఎదురు పేపరు వచ్చింది. గొడవంతా ఒక్క తెలుపు మీద. రెక్క వెనక అంచున కనిపించే తెలుపు ఐవరీ-బిల్‌ది కావచ్చు, లేదా మామూలు పైలియేటెడ్ వడ్రంగిపిట్ట రెక్క అడుగున ఉండే తెలుపు, రెక్క తిరిగినప్పుడు మసకలో అలా పడిందీ కావచ్చు. నాలుగు పిక్సెళ్ల దగ్గర పక్షిశాస్త్రమంతా రెండుగా చీలిపోయింది. తర్వాత ఏళ్ల తరబడి వెతికినా అందరూ ఒప్పుకునే ఫొటో రాలేదు. 2021లో అంతరించినట్టు ప్రకటిద్దామని అక్కడి ప్రభుత్వ శాఖ ప్రతిపాదించింది. 2023లో 21 జాతులను ఆ ఖాతాలో వేసినప్పుడు దీన్ని మాత్రం వేయకుండా ఆపింది.

మసక వీడియో కంటే మంచి ఆడియోనే ఎక్కువ చెబుతుంది ఒక్కోసారి.

కౌజుపిట్ట
పైగా ఇది రాత్రి పిట్ట, 27 సెంటీమీటర్లు, మట్టిరంగు, పొదల మధ్య నేల మీద నడుస్తుంది. వడ్రంగిపిట్టలా చెట్టెక్కి తలుపు తట్టదు. రొమ్ము మీద రెండు గోధుమ పట్టీలు, మధ్యలో తెలుపు, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, కంటి మీద తెల్లటి కనుబొమ. ఇవి కనబడేలా ఫొటో రావాలంటే పది మీటర్ల లోపు ఉండాలి. టార్చి వేస్తే అలాగే నిలబడిపోవడం, లేదా పొద చాటుకి పరుగు.

రాళ్లసీమోడు
లంకమలలో రాత్రిపూట టార్చి వేసుకోని తిరిగితే మీకు కలివికోడి కనపడేలోపల మీరే టాస్క్‌ఫోర్సోళ్లకి కనపడతారు. ఎర్రచందనం అడివి సామీ అది.

కౌజుపిట్ట
నవ్వులాట కాదు, అది నిజంగానే ఆధారాల మీద ప్రభావం చూపే విషయం. అభయారణ్యంలో రాత్రి తిరగడానికి అటవీశాఖ అనుమతి కావాలి. వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న షెడ్యూల్ 1 పక్షి కాబట్టి స్పీకర్లో పిలుపు వేయడానికీ అనుమతి కావాలి. అంటే రాత్రి వెతికేవాళ్లు చాలా తక్కువ. వెతికేవాళ్లు లేనిచోట "కనబడలేదు" అన్న మాటకి విలువెంత?

లెక్కలమాస్టారు
సరిగ్గా అక్కడికే వద్దామనుకున్నా. పెన్నాగట్టు రెండో ప్రశ్నకి లెక్క ఉంది, లెక్కలో గొయ్యి కూడా ఉంది.

ఒక జాతి ఎప్పుడెప్పుడు కనిపించిందో వాటి సంవత్సరాలు తీసుకుని, చివరి దర్శనం తర్వాత ఖాళీ మరీ పెద్దదా అని చూసే పద్ధతి ఆండ్రూ సోలో అనే గణాంకవేత్త 1993లో పెట్టాడు. అతి సులువు రూపం: మొదటి రికార్డు నుంచి చివరి రికార్డు దాకా గడిచిన ఏళ్లను, మొదటి రికార్డు నుంచి నేటి దాకా ఏళ్లతో భాగించండి. మొదటిది కాక ఎన్ని రికార్డులున్నాయో అన్నిసార్లు ఆ భిన్నాన్ని గుణించండి. వచ్చిన సంఖ్య 0.05 కన్నా చిన్నదైతే "బతికే ఉంది" అన్న ఊహ నిలబడదు.

ఇప్పుడు 1985లో కూర్చుని కలివికోడికి వేద్దాం. 1848లో పక్షికి పేరు పెట్టారు, 1900లో అనంతపురం వైపు చివరి రికార్డు. మధ్యలో సరిగ్గా ఎన్ని అన్నది వదిలేసి 5 అనుకుందాం. 52ని 137తో భాగిస్తే 0.38. అయిదుసార్లు గుణిస్తే 0.008. ఒక్క శాతం కూడా లేదు. పోయినట్టే!

1986 జనవరిలో దొరికింది.

పెన్నాగట్టు
అబ్బ. అంటే లెక్క తప్పా?

లెక్కలమాస్టారు
లెక్క తప్పు కాదు, లెక్కకి పెట్టిన షరతు తప్పు. ప్రతి ఏడూ ఇంచుమించు సమానంగా వెతికారని ఆ సూత్రం నమ్ముతుంది. 1900 తర్వాత పెన్నా పక్కన చిట్టడవిలో రాత్రిళ్లు ఎవరు వెతికారు? సరిగ్గా వెతకని 85 ఏళ్లను "కనబడని 85 ఏళ్లు"గా లెక్కలో వేశాం. ఇదే పద్ధతుల్లో ఇంకోటి డోడోకి వేస్తే చివరిగా చూసింది 1662 అయినా 1690 దాకా బతికి ఉండొచ్చని వచ్చింది. అక్కడ అది ఉపయోగపడింది, ఎందుకంటే మారిషస్‌లో కళ్లున్నవాళ్లు ఉన్నారు.

మ్యూజియంపురుగు
మాస్టారూ, మీ డేటాలో ఒక గుడ్డు తగ్గింది.

లెక్కలమాస్టారు
తెలుసు, మీరు అందుకుంటారనే వదిలేశా.

మ్యూజియంపురుగు
సరే. స్కాట్లండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించింది. దాన్ని కలివికోడిదేనని తేల్చింది మాత్రం 2013లో. గుడ్డు పెంకు లోపలి పొర నుంచి డీఎన్ఏ తీసి, మ్యూజియంలో ఉన్న పాత పక్షి కాలివేలి మెత్త నుంచి తీసిన డీఎన్ఏతో పోల్చారు. కలిసింది. అంటే 1900 చివరిది కాదు, 1917. పైగా చోటు కడప కాదు, కోలార్. దాదాపు వందేళ్లు ఆధారం డబ్బాలోనే ఉంది, అడిగినవాళ్లే లేరు.

లెక్కలమాస్టారు
వేశా. 69 బై 137, ఆరుసార్లు. 0.016. అయినా "పోయింది" అనే వస్తోంది. ఒక్క గుడ్డు కలిపినా లెక్క మారలేదంటే, లెక్క కంటే ముందు వెతుకులాటను రాసుకోవాలని అర్థం.

గోదారొడ్డు
ఇక్కడో మాట. 19వ శతాబ్దపు రికార్డుల్లో పెన్నా లోయ ఒక్కటే లేదు, గోదావరి వైపు సిరోంచ, భద్రాచలం ప్రాంతాలు కూడా ఉన్నాయి. 1986 నుంచి అందరి చూపూ లంకమల మీదే. "కలివికోడి లంకమల పిట్ట" అన్నది మన అలవాటే తప్ప పిట్ట అలవాటు కాదేమో.

తుమ్మముల్లు
150 ఏళ్ల కిందటి రికార్డు పట్టుకుని భద్రాచలంలో వెతకాలా? అక్కడి చిట్టడవి ఎంత మిగిలిందో చూసి మాట్లాడండి. ఆవాసం పోయాక పిట్ట ఎక్కడుంటుంది?

మ్యూజియంపురుగు
ఆ మాటకే ఒక పేరుంది: రోమియో పొరపాటు. జూలియెట్ చచ్చిపోయిందని తొందరపడి నమ్మాడుగా, అది. ఫిలిప్పీన్స్‌లో సెబు దీవి అడవి దాదాపు అంతా పోయిందని అక్కడి ఫ్లవర్‌పెక్కర్ పిట్ట కూడా పోయిందని రాసేశారు. 1992లో మిగిలిన చిన్న ముక్కలో దొరికింది. "పోయింది" అని రాయగానే డబ్బులు ఆగిపోతాయి, కాపలా ఆగిపోతుంది, మిగిలిన ముక్క కూడా నరికేస్తారు. తప్పు ఖరీదు రెండు వైపులా ఒకటి కాదు.

కానీ తుమ్మముల్లు వైపు కూడా ఒక కథ ఉంది. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ. మైనర్ట్‌జాగెన్ అనే పక్షి నమూనాల సేకరణకర్త 1914లో గుజరాత్‌లో సేకరించానని ఒక నమూనా మ్యూజియంలో పెట్టాడు. తర్వాత తేలింది: అది వేరేవాళ్లు అంతకు చాలా ముందు సేకరించిన పక్షి. దొంగిలించి, మళ్లీ కుట్టి, లేబుల్ మార్చాడు. ఆ లేబుల్‌ను పక్కన పెట్టి, 1884 దాకా దొరికిన నిజమైన నమూనాల చోట్లు పట్టుకుని వెళ్లిన బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్ర షహాదా దగ్గర పట్టపగలే చెట్టుమీద కూర్చుని కనిపించింది. దొంగ ఆధారం వల్ల నష్టం ఏమిటంటే, వెతికేవాళ్లను తప్పు ఊరికి పంపిస్తుంది.

రాళ్లసీమోడు
మ్యూజియంలో గూడా దొంగనోట్లు ఉంటాయన్నమాట.

శబ్దవేధి
ఆడియోలోనూ ఉంటాయి. ఆస్ట్రేలియా నైట్ పారెట్ విషయంలో 2019లో ఒక సమీక్ష సంఘం కూర్చుని, అంతకుముందు ప్రకటించిన కొన్ని ఆధారాలను పక్కన పెట్టేసింది. గూటి ఫొటోలో గుడ్లు అసలువి కాకపోవచ్చన్నారు. అదే జాతి నిజంగా వేరేచోట బతికే ఉంది, దానికి 2013 నుంచి ఫొటోలున్నాయి. ఆధారం దొంగదైనా పిట్ట నిజమే కావచ్చు. ఈ రెంటినీ కలపకూడదు.

పెన్నాగట్టు
అసలు ఫైలు అడిగాను, "రేపు పంపిస్తాం" అన్నారు. ఈలోగా మాస్టారు, ఇంకో లెక్క. ఒక మంచి నిపుణుడు విని "అవును, ఇదే" అంటే ఎంత నమ్మాలి?

లెక్కలమాస్టారు
అంకెలన్నీ ఊహే, ఎలా పనిచేస్తుందో చూడటానికే వేస్తున్నా. ఇలాంటి క్లిప్పులు 1000 వస్తే అందులో 20 నిజమైన కలివికోడివి అనుకోండి. మన నిపుణుడు నిజమైనవాటిలో 90 శాతం గుర్తుపడతాడు, తప్పువాటిలో 5 శాతానికే మోసపోతాడు. చాలా మంచి చెవి. నిజమైనవి 18 ఒప్పుకుంటాడు. తప్పువి 980లో 49 ఒప్పుకుంటాడు. మొత్తం 67 "అవును"లలో నిజమైనవి 18, అంటే 27 శాతం. చెవి మంచిదే, పక్షి అరుదు. అందుకే ఇలా వస్తుంది.

ఇప్పుడు అదే చోట అడుగుజాడ కూడా దొరికిందనుకోండి. నిజంగా పక్షి ఉంటే జాడ దొరికే అవకాశం 70 శాతం, లేకపోయినా పొరబడే అవకాశం 10 శాతం. 18లో 12.6 మిగులుతాయి, 49లో 4.9 మిగులుతాయి. 72 శాతానికి వచ్చేశాం. ఒకే రకం ఆధారం పది తెచ్చేకంటే వేరే రకం ఆధారం ఒక్కటి తేవడం మేలు. అయితే జాడ చూసినవాడికి ఆడియో సంగతి ముందే చెప్పకూడదు. చెబితే రెండు సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యం రెండుసార్లు.

తుమ్మముల్లు
ఇది మాత్రం ఒప్పుకుంటా. పదిమంది విని పదిమందీ అదే అన్నారంటే పది ఆధారాలు కావు.

కౌజుపిట్ట
అడుగుజాడ గురించి రాస్తా, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

లంకమలలో 2000 తర్వాత జరిగిన పరిశోధనలో పక్షిని పట్టించింది ముఖ్యంగా మట్టి పట్టీలు, కెమెరా ట్రాపులు (ఎదురుగా ప్రాణి కదిలితే తమంతట తామే ఫొటో తీసేవి), తర్వాత పిలుపు రికార్డింగులు. పట్టీ వేసే తీరు ఇది. పొదల మధ్య పక్షి నడిచే ఖాళీ జాగాలో రాళ్లు ఏరేసి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని పలచగా పరవాలి. మరీ మందమైతే జాడ కూరుకుపోయి వేళ్లు కలిసిపోతాయి, మరీ పలచనైతే గోరు పడదు. చేతివేలితో నొక్కి చూస్తే వేలిగీతలు కనబడాలి, అదే కొలత. సాయంత్రం మేకలు ఇళ్లకి పోయాక బద్దతో చదును చేయాలి. తెల్లారి మేకలు రాకముందే చదవాలి. ఈ రెండు మేకల మధ్యే మన రాత్రి.

చదవడం ఎండ ఎక్కాక కాదు. తెల్లారుజామున టార్చిని నేలకి ఆనించి పక్కనుంచి వేస్తే నీడలో వేళ్లు తేలతాయి. ఫొటో నిట్టనిలువుగా పైనుంచి, పక్కన స్కేలు పెట్టి. ఏటవాలుగా తీస్తే కొలతలు చెడిపోతాయి. మంచి జాడ దొరికితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయండి.

ఇప్పుడు చిక్కు. కలివికోడికి మూడు వేళ్లే, వెనకవేలు లేదు. వెనకవేలు ముద్ర స్పష్టంగా ఉంటే కౌజు లాంటిది, కొట్టేయొచ్చు. కానీ మూడు వేళ్లవి ఇంకా ఉన్నాయి. పచ్చ తోలు తీతువుకి (ముక్కు పక్కన పసుపు తోలు ఉండేది) వెనకవేలు లేదు, స్టోన్ కర్లూకి లేదు, పగటిపూట తిరిగే ఇండియన్ కోర్సర్‌కి లేదు, బటన్ క్వెయిల్‌కి లేదు. ఎర్ర తోలు తీతువుకి వెనకవేలు ఉంది కానీ చిన్నది, చాలాసార్లు మట్టి మీద పడదు. స్టోన్ కర్లూ పెద్దది, బటన్ క్వెయిల్ మరీ చిన్నది, పరిమాణంతో తేలిపోతాయి. మిగిలిన తీతువులతోనే అసలు పేచీ. మధ్యవేలు పొడవు, వేళ్ల మందం, పక్కవేళ్ల మధ్య కోణం, మూడూ కొలవాలి. ఒక్క జాడ మీద కాదు, ఒకే నడకలోని నాలుగైదు జాడల మీద. అదే మట్టి మీద తీతువు నడిచిన జాడలు కూడా పోలికకి తీసి పెట్టుకోవాలి. ఈ చివరిది చేయనివాళ్ల కొలతలు నేను చూడను కూడా చూడను.

దివిటీ
కెమెరా ట్రాపు సంగతి నేను కలుపుతా. పులికి పెట్టినట్టు నడుము ఎత్తున పెడితే ఈ పిట్ట పడదు. నేల నుంచి 20-30 సెంటీమీటర్లు, బాటకి అడ్డంగా కాక కొంచెం ఏటవాలుగా, రెండు మూడు మీటర్ల దూరం. సెన్సారు పట్టేది వేడిలో తేడాని. వేసవి రాత్రి నేల ఇంకా కాగి ఉంటే చిన్న పిట్ట వేడి దానికి తెలియదు, ఎదురుగా నడిచిపోయినా ఖాళీ కార్డే. చలికాలం మేలు. కెమెరా ముందు గడ్డి పరక ఊగినా వేల ఖాళీ ఫొటోలు నిండుతాయి, కొడవలితో కోసి పెట్టండి. ఇక అందరూ చేసే పని: గడియారం సరిచేయకుండా పెట్టడం. సమయం తప్పున్న ఫొటో సాక్ష్యంగా సగం చచ్చినట్టే.

గోదారొడ్డు
స్థానికుల మాట ఎందుకు ఎవరూ తీయట్లేదు? 1986లో పిట్ట దొరికింది ఐతన్న వల్ల కదా.

మ్యూజియంపురుగు
అవును. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊళ్లు తిరిగి అడిగాడు. రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వెలుతురులో ప్రాణంతోనే పట్టాడు. ఆ పక్షి తర్వాత చనిపోయింది, ఇప్పుడు నమూనాగా ఉంది. పుస్తకాలు మూసేసిన పక్షికి ఊళ్లో పేరు బతికే ఉంది. కలివి పొదల్లో తిరిగే కోడి, కలివికోడి. 1988లో అభయారణ్యం వచ్చింది, అదే ఏడు తపాలా బిళ్ల కూడా.

తుమ్మముల్లు
అడగడం సరే, ఎలా అడుగుతున్నారు? ఫోన్లో కలివికోడి బొమ్మ చూపించి "ఇది చూశావా పెద్దాయనా?" అంటే ఆయన మర్యాదకోసమైనా చూశానంటాడు. పైగా నాలుగుసార్లు జీపులేసుకుని వచ్చారంటే ఏ జవాబు కావాలో ఊరంతటికీ తెలిసిపోతుంది.

కౌజుపిట్ట
నిజం. అందుకే పది పన్నెండు బొమ్మలు, పేర్లు లేకుండా. అందులో ఆ చుట్టుపక్కల అసలుండే అవకాశమే లేని పక్షులు రెండు కలపాలి. వాటినీ "చూశా" అన్నవాళ్ల జవాబులు పక్కన పెట్టేయాలి. ముందు బొమ్మ చూపకూడదు. రాత్రిపూట నేల మీద తిరిగే పిట్టలేమున్నాయో వాళ్లనే చెప్పమనాలి. పరుగెలా తీస్తుంది, కూతెలా ఉంటుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది అని. వాళ్లు చెప్పే పేరు వాళ్ల మాటలోనే రాసుకోవాలి, మనం దిద్దకూడదు.

పెన్నాగట్టు
సరే, "లేదు" వైపుకి వద్దాం. ఎన్ని రాత్రులు?

లెక్కలమాస్టారు
పక్షి అక్కడ ఉంటే ఒక రాత్రి వెతుకులాటలో దొరికే అవకాశం 20 శాతమైతే, 95 శాతం నమ్మకంతో "ఇక్కడ లేదు" అనడానికి 14 రాత్రులు. 10 శాతమైతే 29. 5 శాతమైతే 59. అవకాశం సగానికి పడితే రాత్రులు రెట్టింపు అన్నమాట. ఇది ఒక్క చోటుకి. ఇంకో కిలోమీటరు అవతలికి మళ్లీ మొదటినుంచి.

గొయ్యి ఇక్కడ: ఆ 10 శాతం ఎక్కడినుంచి వచ్చింది? పక్షి కచ్చితంగా ఉన్న చోట వెతికి చూస్తేనే ఆ అంకె తెలుస్తుంది. కచ్చితంగా ఉన్న చోటు చేతిలో లేనప్పుడు అంకె గాలిలోదే.

శబ్దవేధి
సగం తెలుసుకోవచ్చు మాస్టారూ. పక్షి లేని వేరే చిట్టడవిలో, అనుమతితో, స్పీకర్లో ఆ పిలుపు వేసి 50, 100, 200, 300 మీటర్లలో రికార్డర్లు పెట్టి ఎంత దూరం దాకా పడుతుందో చూడొచ్చు. గాలి ఉన్న రాత్రి, లేని రాత్రి విడిగా. దాంతో "అరిస్తే వినబడుతుందా" అన్నది తేలుతుంది. "అసలు ఈ రాత్రి అరుస్తుందా" అన్నది తేలదు. అది పిట్ట ఇష్టం.

లెక్కలమాస్టారు
ఆ సగం కూడా రాయకుండా "మూడేళ్లు వెతికాం" అని రాసే రిపోర్టులే ఎక్కువ. ఎన్ని గంటలు, ఏ వేళల్లో, ఏ నెలల్లో, ఎన్ని హెక్టార్లు? ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ నిర్వచనంలో కూడా అదే ఉంది: సరైన వేళల్లో, సరైన కాలాల్లో, పాత విస్తృతి అంతటా వెతికాక, చివరి ప్రాణి పోయిందనడంలో సహేతుకమైన అనుమానం మిగలకూడదు. అందుకే "అత్యంత ప్రమాదంలో, బహుశా అంతరించింది" అని ఒక మధ్య గది పెట్టుకున్నారు.

కౌజుపిట్ట
ఎక్కడ వెతకాలో కూడా ఊరికే అంచనా కాదు. పాత పరిశోధనలో తేలింది: రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోట ఈ పక్షి ఉండే అవకాశం ఎక్కువ. దట్టమైన అడవీ వద్దు, బోడి నేలా వద్దు. 10 మీటర్ల తాడు కట్టి గుండ్రంగా తిరిగితే ఆ వృత్తం 314 చదరపు మీటర్లు. అందులో పెద్ద పొదలు 9 నుంచి 22, చిన్నవి 31 లోపు ఉండాలి. నిమ్మతోటకి చదును చేసిన చోటా, మేత పూర్తిగా ఆపేసి పొద మూసుకుపోయిన చోటా రికార్డర్ పెట్టి "లేదు" అని రాస్తే అది ఆధారం కాదు, బ్యాటరీ దండగ.

పెన్నాగట్టు
ఫైలు వచ్చింది. డాక్యుమెంట్‌గానే పంపారు. శబ్దవేధికి పంపాను. ఫిబ్రవరి రెండో వారంలో తీసింది, చోటు ఇక్కడ రాయను.

కౌజుపిట్ట
చోటు రాయకపోవడమే మంచిది. పక్షులు చూసినవాళ్లు రికార్డులు పెట్టే ఈబర్డ్ సైటు కూడా ఇలాంటి జాతుల చోట్లు దాచేస్తుంది.

శబ్దవేధి
చూశా. ఫైలులో సమయం 18:31. ఆ వారంలో కడప వైపు పొద్దు కుంకేది 6:20కి కాస్త అటూ ఇటూ. అంటే పది పన్నెండు నిమిషాలే. "చీకటి పడ్డాక" అన్నది రాసినవాళ్ల చేతివాటం. ఇది ఒక్కటే చాలదు, త్వరగా అరవకూడదని రూలేం లేదు.

అరుపులు ఆరు. మధ్య ఖాళీలు 1.9, 4.2, 2.6, 7.1, 3.3 సెకన్లు. సెకనుకొకటి లయ లేదు. నెట్‌లో ఉన్న రికార్డింగుతో ఖాళీలు కలవలేదు కాబట్టి ప్లేబ్యాక్ కాదు, ఎవరూ మోసం చేయలేదు. ప్రతి అరుపులో రెండో ముక్క పైకి సాగుతోంది, తుంచినట్టు లేదు. ఇక 22వ సెకను దగ్గర చెవి పెట్టి వినండి. దూరంగా మేకల గంట. ఆ గంట దగ్గరయ్యేకొద్దీ అరుపు గట్టిపడింది, దూరమయ్యాక ఆగిపోయింది. మేకలు ఇంటికి పోతుంటే నేల మీది పిట్ట కంగారుపడిన తీరు ఇది. నా అంచనా పచ్చ తోలు తీతువు. ఫార్వర్డ్ అయిన క్లిప్పులో ఆ గంట లేదు, కుదింపులో ఎగిరిపోయింది.

తుమ్మముల్లు
నేను మొదటి పోస్టులోనే చెప్పా.

రాళ్లసీమోడు
నువ్వు చెప్పింది ఫొటో లేదని. పట్టిచ్చింది మేక.

లెక్కలమాస్టారు
క్లిప్పు కొట్టేశాం, అంతే. పక్షి ఉండే అవకాశం క్లిప్పు రాకముందు ఎంతో ఇప్పుడూ అంతే. "తీతువని తేలింది, కలివికోడి లేదు" అని గ్రూపులో పెట్టకండి దయచేసి.

పెన్నాగట్టు
అలాగే పెడుతున్నా, మాట మార్చకుండా. తీసినవాళ్లు బాధపడ్డారు కానీ చోటు మంచిదేనట. తాడు పట్టుకుని మూడు వృత్తాలు లెక్కపెట్టమన్నా: పెద్దవి 14, 11, 19, చిన్నవి 31 లోపే. అభయారణ్యం బయట పట్టా భూమి, రైతు ఒప్పుకున్నాడు. ఒక ఆడియోమాత్ (అడవిలో వదిలేసే చిన్న సౌండ్ రికార్డర్) ఉంది. ఎలా పెట్టాలి?

శబ్దవేధి
32 కిలోహెర్ట్జ్, మోనో చాలు. గంటకి 230 ఎంబీ. పొద్దు కుంకినప్పటి నుంచి రెండు గంటలు, తెల్లారేముందు రెండు గంటలు పెట్టు. రోజుకి 0.92 జీబీ, 64 జీబీ కార్డు రెండు నెలల పైన వస్తుంది. రాత్రంతా తీయాలని ఆశపడకు, వినేది ఎవరు? పిట్టల అరుపులు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ బర్డ్‌నెట్‌లో వేసే ముందు దాని జాబితాలో ఈ జాతి ఉందో లేదో చూడు. ఉన్నా అది ఇచ్చే మార్కు సంభావ్యత కాదు, ఏది ముందు వినాలో చెప్పే వరస మాత్రమే. గడియారం భారత సమయానికా, జీఎంటీకా అన్నది కాగితం మీద రాసి డబ్బాలోనే పెట్టు. 5:30 గంటల తేడాతో సాయంత్రం మధ్యాహ్నం అయిపోయిన రికార్డింగులు చాలా ఉన్నాయి.

దివిటీ
చెట్టుకి కట్టేటప్పుడు ఆకులు తగలకుండా చూడు. సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేయి. చీమలు మైకు కన్నంలో మట్టి పెడతాయి, వారానికోసారి చూసుకో.

రాళ్లసీమోడు
మేకల గంటలు గూడా విప్పించండి, రెండు నెలలు.

కౌజుపిట్ట
వద్దు, గంటలు ఉండనీ. మేకలు ఎప్పుడు వచ్చాయో ఫైల్లోనే తెలుస్తుంది.